తెలియదన్నందుకు సున్నా మార్కులు

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి రిజర్వు బ్యాంకుకు మన పల్లెల మీద బెంగ పుడుతుంది. ఆ నెలలో ఒక వారాన్ని ఆర్థిక అక్షరాస్యతా వారంగా ప్రకటించి, ఊరూరా బ్యాంకుల చేత సభలు పెట్టిస్తుంది. 2025లో ఫిబ్రవరి 24 నుంచి 28 వరకు జరిగిన వారానికి మహిళల సమృద్ధిని అంశంగా ఎంచుకున్నారు. ఆడవాళ్లకు డబ్బు గురించి నాలుగు ముక్కలు చెబితే చాలు, సమృద్ధి వాళ్ల గుమ్మం వెతుక్కుంటూ వస్తుందని భావం కాబోలు. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట మండలంలో ఉర్లాం అయినా, సత్యవరం అయినా, కొమర్తి అయినా ఇలాంటి సభ తంతు ఒక్కటే. ఫ్లెక్సీ కడతారు. వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) చేత పొదుపు సంఘాల వాళ్లకు ఫోన్లు చేయిస్తారు. ఆడవాళ్లను షామియానా కింద కూర్చోబెట్టి పొదుపు చెయ్యాలని, అక్కర్లేని అప్పు చెయ్యకూడదని, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బోధిస్తారు. వినేది ఎవరయ్యా అంటే, పొదుపు ఒక నెల తప్పితే సంఘంలో తమకు తామే జరిమానా వేసుకునేవాళ్లు. వాయిదా తేదీ దగ్గరపడితే కూర మానేసి పచ్చడితో సరిపెట్టేవాళ్లు. ఆ ఇంట్లో అక్కర్లేని అప్పు చేసే అలవాటున్న మనిషి ఆ వేళకు టీ కొట్టు దగ్గర ఫోనులో షేర్ల ధరలు చూసుకుంటూ ఉంటాడు. ఆయనకు ఆహ్వానం ఉండదు. ఆయనకు అన్నీ తెలుసు కదా.

ఈ ఏర్పాటుకు శాస్త్రీయమైన ఆధారం లేకపోలేదు. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో దేశమంతటా సర్వే చేసి, మన పెద్దవాళ్లలో నూటికి 27 మందికే ఆర్థిక అక్షరాస్యత ఉందని తేల్చింది. మగవాళ్లలో 29, ఆడవాళ్లలో 21. పట్నాల్లో 33, పల్లెల్లో 24. అంతకు ముందు 2014లో స్టాండర్డ్ అండ్ పూర్ సంస్థ ప్రపంచమంతా చేసిన సర్వేలో కూడా మగవాళ్లు 35, ఆడవాళ్లు 30. ఇక మాట్లాడేదేముంది, ఆడవాళ్లు వెనకబడ్డారని లెక్క తేలిపోయింది, శిబిరాలు పెట్టండి అన్నారు. 29 పెద్దదా 21 పెద్దదా అన్న దగ్గరే అందరూ ఆగిపోయారు గాని, అదే అంకెను తిరగేసి చూసినవాళ్లు తక్కువ. నూటికి 71 మంది మగవాళ్లు ఆ పరీక్ష తప్పారు. 71 మంది తప్పిన తరగతి పోయి 79 మంది తప్పిన తరగతికి ట్యూషను చెబుతానన్నట్టుంది వ్యవహారం. అయినా ఫ్లెక్సీల మీద ఎప్పుడూ ఆడవాళ్ల బొమ్మే. పురుషుల ఆర్థిక అజ్ఞాన నిర్మూలనా వారం అని ఒక్క ఏడాదైనా ప్రకటిస్తారేమోనని చూడటమే మన పని.

ఇంతకీ ఆ పరీక్షలో అడిగేదేమిటి? ప్రపంచమంతా వాడే ఇలాంటి ప్రశ్నలకు మూలం 2004లో అమెరికాలో ఉంది. అన్నామరియా లుసార్డి, ఒలీవియా మిచెల్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, ఇద్దరూ ఆడవాళ్లే, అక్కడి వయసు మళ్లినవాళ్ల సర్వే కోసం మూడు ప్రశ్నలు తయారుచేశారు. ఖాతాలో వంద డాలర్లుండి ఏడాదికి 2 శాతం వడ్డీ వస్తే ఐదేళ్లకు 102 కంటే ఎక్కువవుతుందా, తక్కువవుతుందా అన్నది మొదటిది. ధరలు వడ్డీ కంటే వేగంగా పెరిగితే ఆ డబ్బుతో ఎంత కొనగలమన్నది రెండోది. ఒకే కంపెనీ షేరు కంటే మ్యూచువల్ ఫండు భద్రమా అన్నది మూడోది. అమెరికాలో ఇవి మంచి ప్రశ్నలే. మన పల్లెలో వడ్డీని ఏడాదికి శాతాల్లో ఎవరు లెక్కపెడతారు? నెలకు నూటికి ఎన్ని రూపాయలన్నదే లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బారు వడ్డీ అయితే ఐదేళ్లకు వంద కాస్తా 220. ఏడాదికోసారి అసలులో కలిపే చక్రవడ్డీ అయితే 293. ఈ తేడా అప్పు ఇచ్చినామెకూ తెలుసు, తీసుకున్నామెకూ తెలుసు. తెలియకపోతే పుస్తెలతాడు తాకట్టు కొట్లోనే ఉండిపోతుంది. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిదీ కాదు. సంఘాల అప్పుకు 3 శాతం వడ్డీయే పడేలా పథకం పెట్టినప్పుడు దానికి పావలా వడ్డీ అనే పేరు పెట్టింది, నూటికి నెలకు పావలా అన్న ఊరి లెక్కలోనే. ఓట్లడిగేటప్పుడు ఊరి లెక్క, పరీక్ష పెట్టేటప్పుడు అమెరికా లెక్క.

మూడో ప్రశ్న మరీ ముచ్చటైనది. మ్యూచువల్ ఫండు మొహం చూడని మనిషిని దాని భద్రత గురించి అడిగి, తెలియదంటే నిరక్షరాస్యురాలని రాసుకోవడం. ఉన్నదంతా ఒకచోట పెట్టకూడదన్న నీతిని ఆ ప్రశ్న పరీక్షిస్తుందట. ఒక మేక, అర తులం బంగారం, ఒక చీటీ, సంఘంలో పొదుపు, అన్నగారి దగ్గర చేబదులిచ్చిన రెండు వేలు, ఇలా తన దగ్గరున్న కాస్తనూ ఐదుచోట్ల సర్దిన ఆడమనిషికి ఆ నీతి కొత్త కాదు. ఆ సంగతి సర్వే కాగితంలో రాయడానికి గడి లేదు. నరసన్నపేట బంగారం కొట్లో గ్రాముకు ఎంత, తరుగు ఎంత శాతం, మజూరీ ఎంత, పాత వస్తువు మార్చితే ఎంత కోత అని ఆమె ఆడే బేరం వింటే శాతాలు రానిదెవరికో తెలుస్తుంది. తరుగును ధరలో కలిపి చెప్పి ఏమార్చబోయే కొట్టువాడిని అడగండి, ఎవరితో బేరం సులువో. మగవాడు వస్తే బిల్లు త్వరగా తెగుతుందంటాడు.

ఇక అసలు కిటుకు జవాబుల్లో ఉంది. ఈ సర్వేల్లో తెలియదు అనే జవాబు కూడా ఉంటుంది. దేశం ఏదైనా ఆ జవాబును ఆడవాళ్లే ఎక్కువగా చెబుతారు. తప్పు చెప్పినవాడికీ, తెలియదన్న ఆమెకూ ఒకటే మార్కు, సున్నా. నెదర్లాండ్స్‌లో లుసార్డి బృందమే ఒక పని చేసింది. అదే మనుషులను మొదట తెలియదు అనే వీలుంచి అడిగారు. కొన్ని వారాలయ్యాక ఆ వీలు తీసేసి అవే ప్రశ్నలు మళ్లీ వేశారు. మొదట తెలియదన్న ఆడవాళ్లలో చాలామంది ఈసారి సరైన జవాబే చెప్పారు. ఆడామగా తేడాలో మూడో వంతు తెలివిలో లేదు, ధీమాలో ఉందని 2021లో ప్రకటించారు. అది యూరోపు సంగతి, మనకెందుకు అనేవారుంటారు. డచ్చి ఆడవాళ్లే తెలియదనడానికి మొగ్గితే, ముక్కూ మొహం తెలియని సర్వే కుర్రాడు ట్యాబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు, లోపలి నుంచి మొగుడు చూస్తుండగా, మన ఆడమనిషి ఏమంటుంది? "నాకేటి తెల్దు బాబూ, ఆయన్నడుగు" అంటుంది. ఆయన్ని అడుగుతారు. ఆయన చెబుతాడు. ఏదో ఒకటి తప్పక చెబుతాడు. తెలియదనడం మగవాడికి మర్యాద కాదు కదా. గురజాడ కన్యాశుల్కంలో గిరీశాన్ని ఈ పరీక్షకు కూర్చోబెడితే నూటికి నూరు తెచ్చుకుని, పరీక్ష పెట్టినవాడికే రెండు తప్పులు చూపించి వచ్చేవాడు. సరుకులు కొనితెస్తానన్న ఆయనకు ఇరవై రూపాయలిచ్చి పోగొట్టుకున్న పూటకూళ్లమ్మకు అక్షరాస్యత లేదని తేలేది. ఎవరి డబ్బు ఎవరు తిన్నారన్నది సర్వేలో ప్రశ్న కాదు.

కాదు గనకే కాగితం మీది జవాబులు పక్కనపెట్టి, డబ్బుతో ఎవరేం చేశారో చూద్దాం. షేరు మార్కెట్టును నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ఒక లెక్క బయటపెట్టింది. షేర్ల ధరల మీద పందెంలాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది మూడేళ్లలో నష్టపోయారు. పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు. ఆడినవాళ్లలో ఆడవాళ్లు నూటికి పదిహేను మంది కూడా లేరు. 2023-24లో సగటున మగవాడు పోగొట్టుకున్నది రూ.88,804, ఆడమనిషి పోగొట్టుకున్నది రూ.75,973. ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో 1991 నుంచి 1997 వరకు 35 వేల కుటుంబాల షేరు ఖాతాలు పరిశీలించి బార్బర్, ఓడీన్ అనే ఇద్దరు 2001లో రాసిన వ్యాసం ఉంది. మగవాళ్లు ఆడవాళ్ల కంటే 45 శాతం ఎక్కువగా కొని అమ్మారు. అలా కొనీ అమ్మీ ఏడాదికి 2.65 శాతం రాబడి చేజేతులా తగ్గించుకున్నారు. ఆడవాళ్లూ తగ్గించుకున్నారు గాని 1.72 శాతమే. కారణం తెలివితక్కువతనం కాదు, తెలుసుననుకోవడం. అప్పుల్లోనూ ఇదే కథ. మొత్తం బ్యాంకుల అప్పుల్లో మొండి బకాయిలు 2023 మార్చికి 3.9 శాతం ఉంటే, హామీ పెట్టడానికి సెంటు భూమి లేని స్వయం సహాయక సంఘాలవి 2.8 శాతం. తొమ్మిది వేల కోట్ల బాకీతో 2016 మార్చిలో లండను విమానమెక్కిన విజయ్ మాల్యాకు చక్రవడ్డీ అంటే తెలియదని ఎవరైనా అనగలరా? విజయవాడ కేంద్రంగా జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డులో సుమారు 32 లక్షల ఖాతాలు, రూ.6,380 కోట్లు ఇరుక్కుపోయాయి. ఆ సంస్థ నడిపినవాళ్లు కూడా లెక్కల్లో మంచి దిట్టలే. జనం డబ్బు కరిగించడంలో ఆ పరీక్ష తప్పేవాళ్ల కంటే నెగ్గేవాళ్లదే పెద్ద హస్తవాసి.

ఆడవాళ్లు మాత్రం మునగలేదా అని అడగవచ్చు. అడగాల్సిందే. అగ్రిగోల్డులో కట్టినవాళ్లలో ఆడవాళ్లు తక్కువేం లేరు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్లకు తట్టుకోలేక మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పు కాగితాల మీద సంతకాలు ఆడవాళ్లవే. ఒక సంస్థ అప్పుకు ఇంకో సంస్థ దగ్గర అప్పు తెచ్చి కట్టారన్నదీ నిజమే. అయితే ఆ అప్పు కాగితం ఎలా ఉండేదో కూడా చూడాలి. పదివేలు ఇచ్చి, 12 శాతం వడ్డీయే అని చెప్పి, వారానికి 224 చొప్పున 50 వారాలు కట్టించుకుంటే చూపుకు వడ్డీ 1,200. అసలు వారం వారం తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే పడుతుంది గనక నిజంగా పడే వడ్డీ ఏడాదికి 24 శాతం దగ్గరగా ఉంటుంది. ఫ్లాట్ రేటు అనే ఈ గారడీని కనిపెట్టింది కొమర్తి ఆడవాళ్లు కాదు, గొప్ప చదువులు చదివినవాళ్లు. ఆ ఏడాదే హైదరాబాదు సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ షేరు మార్కెట్టుకెక్కి కోట్లు గడించింది. కొత్త బండి కొన్న మగవాడిని ఫ్లాట్ రేటుకూ తగ్గే అసలు మీద వేసే వడ్డీకీ తేడా అడగండి, ఆయనకు వారం గడువిచ్చినా చెప్పలేడు. ఇంకో సంగతి కూడా ఉంది. సంతకం పెట్టిన చెయ్యి, ఖర్చు పెట్టిన చెయ్యి ఒకటే కానవసరం లేదు. సంఘం అప్పు ఆమె పేరున వస్తుంది, ఆటో ఆయన పేరున వస్తుంది, వాయిదా మళ్లీ ఆమె పేరునే మిగులుతుంది.

తేడాయే లేదని నేను అనడం లేదు. డచ్చి లెక్కలో మూడో వంతు ధీమా పోగా మిగిలిన రెండు వంతులు నిజమైన తేడాయే. మన దగ్గర అది ఇంకా పెద్దదే అయివుంటుంది. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా మగవాళ్లలో 71.61 శాతం చదువుకున్నవాళ్లయితే ఆడవాళ్లలో 52.08 శాతమే. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసినామెకు షరతులు తెలియవనడం అబద్ధం కాదు. నా తగువు ఆ తెలియనితనం ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద. డబ్బు గురించి తెలివి ఉపన్యాసం వింటే వచ్చేది కాదు, డబ్బు చేతిలో ఉంటే వచ్చేది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 78.6 శాతం ఆడవాళ్లకు తాము వాడుకునే బ్యాంకు ఖాతా ఉంది. తాము వాడుకునే సెల్‌ఫోను 54 శాతానికే ఉంది. నడిమధ్యనున్న ఆ పాతిక మంది ఖాతాకు ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? మొగుడి ఫోనుకో, కొడుకు ఫోనుకో. ఆమెను కూర్చోబెట్టి ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బోధించడం ఎంత గొప్ప హాస్యమో చూడండి, ఆమెకు చెబితే కదా ఆమె ఎవరికైనా చెప్పేది! ప్రపంచ బ్యాంకు ఫిన్‌డెక్స్ 2021లో మన దేశంలో ఆడామగా ఇద్దరికీ సమానంగా 78 శాతం ఖాతాలున్నాయని చాటింది. అందరం చప్పట్లు కొట్టాం. అదే నివేదికలో మన ఖాతాల్లో మూడో వంతుకు పైగా ఏడాదంతా కదలనే లేదన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి చేతులు నొప్పి పుట్టాయి.

మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటి, ఎవరి పేరునుంటే ఏం అనే పెద్దమనుషులు మన వైపు చాలామంది ఉన్నారు. మంచి మాట. ఏ పేరునున్నా ఒకటే అయితే పొలం ఆమె పేరున రాసెయ్యండి. కూతుళ్లకు కొడుకులతో పాటు ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985లోనే అమల్లోకి వచ్చింది, దేశం ఆ దారికి రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. చట్టం వచ్చి నలభై ఏళ్లయినా కూతురి వాటా కట్నంలో కలిసిపోయిందనే లెక్కే ఊళ్లో చెల్లుతోంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 14 శాతం కూడా లేవు. పట్టాదారు పాసుపుస్తకం లేనిదే పంట రుణం పుట్టడం కష్టం, పంట బీమా అక్కరకు రావడమూ కష్టమే. శ్రీకాకుళం జిల్లాలో మగవాళ్లు హైదరాబాదు, చెన్నై, గుజరాత్ రేవులకు పనికి పోతే ఏరువాక నుంచి నూర్పిళ్ల దాకా నిలబడి చేయించేది ఆడవాళ్లు. 2011 లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకు 1,015 మంది ఆడవాళ్లున్న జిల్లా ఇది. కూలీకి ఎంత, ఎరువుకు ఎంత, అప్పు ఎక్కడ పుడుతుందన్నది ఆమె చూసుకోవాలి. బ్యాంకు మాత్రం రైతును తీసుకురమ్మంటుంది. ఆ రైతు చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తుంటాడు.

పగ్గం చేతికిస్తే నిజంగా తేడా వస్తుందా అన్న అనుమానానికి జవాబు మధ్యప్రదేశ్‌లో దొరికింది. ఉపాధి హామీ కూలీ డబ్బు మొగుడి ఖాతాలో కాకుండా ఆడవాళ్ల సొంత ఖాతాలో పడేలా చేసి, ఆ ఖాతా ఎలా వాడాలో కాస్త నేర్పి చూశారు రోహిణి పాండే, ఎరికా ఫీల్డ్ బృందం. ఖాతా, డబ్బు, నేర్పడం మూడూ కలిశాకే ఆడవాళ్లు పనికి వెళ్లడం పెరిగింది. అంటే నేర్పడం దండగ కాదు, చేతిలో ఏమీ పెట్టకుండా నేర్పడమే దండగ.

మన పాలకులకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. ఆడవాళ్ల సంఘాల కోసం పెట్టిన డ్వాక్రా 1982-83లో మన రాష్ట్రంలో మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2000లో పేదరికం తగ్గించే వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఇంట్లో డబ్బు సారాకొట్టుకు ఎలా చేరుతోందో లెక్క కట్టి 1992లో రోడ్డెక్కింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. వాళ్లకు ఆర్థిక అక్షరాస్యతా వారం ఎవరూ జరపలేదు. 2020 జనవరిలో అమ్మ ఒడి డబ్బు తల్లి ఖాతాలోనే వేశారు. ప్రభుత్వం మారి 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చినా డబ్బు తల్లి ఖాతాలోనే పడింది. ఈ రాష్ట్రంలో రెండు పార్టీలు ఒప్పుకున్న విషయాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పిల్లల బడి డబ్బు తండ్రి చేతికివ్వకూడదన్నది వాటిలో ఒకటి. డబ్బు సరైన చోట ఖర్చు కావాలంటే ఆడవాళ్ల మీద నమ్మకం, డబ్బు గురించి పాఠం చెప్పాల్సి వస్తే కూడా ఆడవాళ్లకే! నమ్మదగినవాళ్లకు పాఠం, పాఠం కావాల్సినవాళ్లకు పగ్గం. మన ఆర్థిక విధానాన్ని ఇంతకంటే క్లుప్తంగా నేను చెప్పలేను.

కాబట్టి వచ్చే ఫిబ్రవరికి బ్యాంకు మేనేజర్లకు ఒక విన్నపం. ఫ్లెక్సీ మానేసి ఒక బల్ల వేయండి. ఖాతాకున్న మొగుడి ఫోను నంబరు తీసేసి ఆమె నంబరు చేర్చే కాగితం, ఏటీఎం పిన్ ఆమె చేతనే కొత్తగా పెట్టించే ఏర్పాటు, పొలం ఆమె పేరున లేకపోయినా సాగు ఆమెదే అయితే పంట రుణానికి దరఖాస్తు తీసుకునే గుమాస్తా, ఈ మూడూ అక్కడ ఉండాలి. ఎంతమంది వచ్చారో కాదు, ఎన్ని నంబర్లు మారాయో పై ఆఫీసుకు రాయండి. ఉపన్యాసం తప్పనిసరైతే మొగుళ్లను పిలిచి వాళ్లకు చెప్పండి, ఓటీపీ అడగవద్దని.